దేవుడి యాభై వాటాలు

"ఈ వాటాదారు భారత పౌరుడేనా?" అని ఢిల్లీ నుంచి ఒకాయన అడిగాడు.

అడిగింది మా అక్క కూతుర్ని. కోవిల్‌పట్టి శివార్లలోని రేకుల షెడ్డులో, తాను ప్రయోగశాల అని పిలుచుకునే గదిలో, లాప్‌టాప్ ముందు నిటారుగా కూర్చుని ఉంది. తెర మీద అయిదారు ముఖాలు. చిన్న బయోటెక్నాలజీ కంపెనీలకు పరిశోధన కోసం ప్రభుత్వ సహాయం ఇవ్వాలా వద్దా అని తేల్చే సంఘం అది. నేను కెమెరాకు కనిపించకుండా తలుపు పక్కన స్టూలు మీద ఉన్నాను. అంతవరకూ అంతా బాగానే నడిచింది. ఆమె చేసిన పని గురించి వాళ్ళు అడిగినవాటికి తడుముకోకుండా చెప్పింది. ఒక ముసలాయన రెండుసార్లు తల ఊపాడు కూడా.

"కంపెనీలో సగం వాటాలు ఈయన పేరున ఉన్నాయి. ఈయన పౌరుడా, కాదా?" మళ్ళీ అడిగాడు.

"ఆయన మనిషి కాదు సార్. మా ఇంటి దేవుడు" అంది.

ఒకావిడ గబుక్కున తన మైకు ఆపేసింది. అయినా భుజాలు ఎగిరిపడటం కనిపిస్తూనే ఉంది. ఇంకొకడు ఆపుకోలేక, "అయితే పౌరసత్వం ఏ లోకానిది?" అన్నాడు. ఈసారి ఎవరూ మైకులు ఆపలేదు. పెద్ద చదువులు చదివినవాళ్ళు నవ్వితే ఎంత శుభ్రంగా ఉంటుందో ఆ రోజు విన్నాను. అందరూ నవ్వడం అయ్యేదాకా ఆమె కదలకుండా కూర్చుంది.

సంఘం పెద్ద గొంతు సవరించుకుని నియమం చదివాడు. కంపెనీ వాటాల్లో నూటికి కనీసం యాభై ఒకటి భారత పౌరులైన వ్యక్తుల చేతిలో ఉండాలి. ట్రస్టు వ్యక్తి కాదు. ఈ కంపెనీలో యాభై వాటాలు గుడి ట్రస్టువి, ముప్పై ఈమెవి, ఇరవై ఈమె పెదనాన్నవి. వ్యక్తుల చేతిలో ఉన్నది సరిగ్గా సగం. "పరిశోధన గురించి మాకు అభ్యంతరం లేదు. అర్హత లేదు, అంతే. ఒక్క వాటా అటునుంచి ఇటు మార్చి, నెలాఖరులోపు కాగితాలు పంపండి" అన్నాడు. తెర నల్లబడింది.

నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణం పండగలా ఉంది. వయసులో ఉన్నప్పటినుంచి వేదికలెక్కి దేవుడు లేడని వాదించినవాణ్ణి నేను. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల గేట్ల దగ్గర, విరుదునగర్ వీధి సభల్లో, రాళ్ళు పడుతున్నా దిగకుండా మాట్లాడాను. అన్నీ అరవంలోనే. తెలుగు మాకు ఇంట్లో మాట్లాడుకునే భాష. దాని అక్షరాలు నేను తల నెరిశాక నేర్చుకున్నాను. ఇన్నేళ్ళ వాదనలో ఏ ప్రభుత్వమూ దేవుణ్ణి నీ కాగితాలు ఏవి అని అడగడం చూడలేదు. మొదటిసారి అడిగింది. అడిగిందీ మా ఇంటి దేవుణ్ణే.

"చూశావా! నీ సగం కంపెనీదారుడు ఉనికిలో లేడని సర్కారు తేల్చేసింది" అన్నాను.

ఆమె లాప్‌టాప్ మూసింది. "నవ్వుకోండి మామా. వాళ్ళూ నవ్వినారు" అంది.

ఆమె చేసిన పనేమిటో చెప్పాలి. వేరుశనగకు, మా ఇళ్ళలో ఉత్త శనగలనే అంటాం, తడి తగిలితే ఒక రకం బూజు పడుతుంది. ఆ బూజు విడిచే విషం కంటికి కనపడదు, వేపితే పోదు, తిన్నవాడి కాలేయాన్ని ఏళ్ళ తరబడి కొరుకుతుంది. దాన్ని కనిపెట్టాలంటే పెద్ద ఊళ్ళలో పెద్ద యంత్రాలు కావాలి. ఈమె మదురైలో ఆ బూజు మీదే డాక్టరేటు చేసి, వేలెడంత కాగితపు పట్టీ ఒకటి తయారుచేసింది. పప్పు నూరి, ద్రావకంలో కలిపి, పట్టీ ముంచాలి. రెండు గీతలు పడితే పప్పు మంచిది. ఒకటే పడితే విషం ఉన్నట్టు. సంతలో శనగలమ్మే మనిషి కూడా కొనగలిగేంత చవకగా దాన్ని చెయ్యాలని ఆమె పంతం. అయితే షెడ్డులో చేసిన పట్టీని ఎవరూ నమ్మరు. గాలి, తేమ అదుపులో ఉండే గదిలో తయారుచేసి, రకరకాల సరుకు మీద పరీక్షించి, గుర్తింపు ఉన్న ల్యాబులో నిజమేనని ముద్ర వేయించుకోవాలి. సర్కారు సహాయం అడిగింది దానికే.

ఆమె నాయన కాలేయం చెడి చనిపోయాడు. చుక్క ముట్టనివాడు. సాయంత్రమైతే పిడికెడు శనగలు, బెల్లం ముక్క, అంతే ఆయన విలాసం. బూజు వల్లే పోయాడని ఆమె ఎన్నడూ అనలేదు. రుజువు లేదు కనుక అనలేదు. ఆ ఒక్క విషయంలో ఆమెను పెంచింది నేనేనని గర్వంగా ఉండేది.

దేవుడు వాటాదారు ఎలా అయ్యాడంటే, అది మావాళ్ళ పాత అలవాటు. బావి తవ్వినా, లారీ కొన్నా, అంగడి పెట్టినా మొదటి భాగస్తుడు ఇంటి దేవుడు. మామూలుగా అది పేరుకే. ఏడాదికోసారి లాభంలో చిటికెడు తీసి పొంగలి పెట్టి, మిగతాది మనుషులు పంచుకుంటారు. ఆమె కంపెనీ పెడతానన్నప్పుడు పెట్టుబడి పెట్టింది పెదనాన్న. విరుదునగర్‌లో ఆయనది పప్పులు, మిరపకాయలు, శనగల మండీ. తమ్ముడు పోయాక ఆ ఇంటికి బియ్యం పంపింది ఆయనే, ఈమెను చదివించిందీ ఆయనే, ఆ మాట రోజుకోసారి గుర్తుచేసిందీ ఆయనే. షెడ్డు వేసిన చోటు గుడి మాన్యం. అందుకని సగం దేవుడిదన్నాడు. గుడి ట్రస్టు పేరున యాభై వాటాలు రాయించాడు. ఆ ట్రస్టుకు పెద్ద ఎవరు? ఆయనే. దేవుడికి చేతులుండవు, సంతకం ఆయన పెట్టాలి. లోకంలో ఇంత నమ్మకమైన బినామీ ఇంకెక్కడ దొరుకుతాడు? నోరెత్తడు, వాటా అడగడు, చావడు.

నేను అప్పుడే వద్దన్నాను. మా అక్క ఏడ్చింది. "సామి తోడు లేకుండా ఆడపిల్ల యాపారం చేస్తాదా? నువ్వు ఊరుకోరా" అంది. ఊరుకున్నాను.

ఆ నియమం తప్పని నేను అనను. విదేశీ కంపెనీలు పేరుకొక చిన్న కంపెనీ పెట్టి ఇక్కడి ప్రజల డబ్బు కాజేయకుండా పెట్టిన అడ్డుకట్ట అది. నియమానికి ముఖం చూసి జాలిపడే గుణం ఉండకూడదు. కానీ అది పట్టుకోవలసిన దొంగలు వేరు. ఈ వలలో పడింది షెడ్డులో శనగలు నూరుకునే పిల్ల.

మరుసటి వారం ఇద్దరం విరుదునగర్‌కు బస్సెక్కాము. సాత్తూరు దాటాక ఆమె నా వైపు తిరిగింది. "మీరు అక్కడ నోరు తెరవగూడదు మామా" అంది.

"దేవుడి దగ్గర వాటా అడిగేదానికి డాక్టరేటు దాకా చదివినావా?"

"సంతకం ఎవురి దగ్గరుంటే వాళ్ళని అడగాల. రాయి దగ్గరుంటే రాయినే అడగాల. మీకి ఇది వాదం. నాకి ఇది పని."

"నోరు తెరవనని మాట ఇవ్వలేను."

"తెలుసు. అందుకే మాట అడగలేదు. చెప్పినా, అంతే."

మండీలో మిరపఘాటు గొంతులో దిగుతోంది. పెదనాన్న గల్లాపెట్టె వెనక బనియనుతో కూర్చుని, నమూనా పళ్ళెంలోంచి శనగ గింజ తీసి పంటికింద నొక్కి, నేల మీద ఉమ్మి, "తేమ ఉండాది, తగ్గించు" అని ఎవరితోనో అంటున్నాడు. మమ్మల్ని చూసి ముఖం విప్పార్చాడు.

"రాప్పా బామ్మర్దీ! దేవుడు లేదన్నోడివి, దేవుడి కాడ పంగు అడిగేదానికి వచ్చినావా?"

"లేనివాడి పేరున యాబై వాటాలు ఉండాయి బావా, ఉన్నదాని పేరున ముప్పై. లెక్క తప్పుగా ఉండాది, సరిచేద్దామని వచ్చినా."

ఆమె నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. నేల మీద పరిచిన గోనె మీద ఆయన ఎదుట కూర్చుంది. కుర్చీ ఉంది, కానీ కూర్చోలేదు.

"పెద్దయ్యా, ఒక్క పంగు చాలు. నా పేరున వద్దు. మీ పేరుననే మార్చుకోండి. మనిషి పేరున ఉంటే సర్కారుకి సరిపోతాది."

ఆయన టీ తెప్పించాడు. తాగి, గ్లాసు పక్కన పెట్టాడు.

"దేవుడి సొత్తు నా పేరుకి మార్చుకుంటే రేపు ఈ మండీలో ఎవుడన్నా మూట దించుతాడా? సామి సొమ్మే తిన్నోడు, మన తూకం తినడా అంటారు. ఇంకొకటి చెప్పు. డిల్లీవాడు డబ్బులిచ్చి ఊరుకుంటాడా? ట్రస్టు లెక్క చూపించమంటాడు, గుడి లెక్క చూపించమంటాడు. ఎందుకమ్మా మనకి ఆ కష్టం?"

"కంపెనీ లెక్క తప్ప ఏమీ అడగరు పెద్దయ్యా."

"నీకి చదువు ఉండాది, లోకం తెలీదు. పట్టీ చేసినావు, బాగుండాది. నా మండీకి ఇయ్యి, నేను వాడుకుంటా. ఇంత చిన్న కాయితానికి డిల్లీ దాకా ఎందుకు?"

"సంతలో అమ్మేవాళ్ళకి కూడా అందాల పెద్దయ్యా. దానికి ముద్ర కావాల."

"సంతలోవాళ్ళకి!" ఆయన నా వైపు చూసి నవ్వాడు. "ఇది నువ్వు నేర్పిన పాటమేనా బామ్మర్దీ? ఊరిని ఉద్దరించేది? నీ మీటింగులతో ఎవురు బాగుపడినారప్పా, మైకుసెట్టువాడు తప్ప?"

మండీలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఎందుకంటే అది నిజం.

చివరికి ఆయన తేల్చిందేమంటే, ఇది మనుషులు తేల్చే విషయం కాదు. పూలు కట్టి సామిని అడగాలి. తెల్లపువ్వు వస్తే ఉత్తరవు, అంటే సామి సరేనన్నట్టు. "అప్పుడు ఒకటి కాదు, పది పంగులు తీసుకో. ఎర్రపువ్వు వస్తే ఇంక అడగొద్దు."

"మూడుసార్లు అడగొచ్చు గదా పెద్దయ్యా" అంది ఆమె మెల్లగా.

"ఆమా, మూడుసార్లు అడగొచ్చు. అది ముందునుంచి ఉండేదే" అన్నాడు ఆయన, ఒప్పుకోక తప్పదన్నట్టు.

తిరుగుబస్సులో నేను మండిపడ్డాను. సైన్సు చదివిన మనిషివి, నీ జీవితాన్ని గన్నేరుపువ్వు చేతికిస్తావా అన్నాను. కోర్టుకు పోదామన్నాను. పత్రికలకు రాస్తానన్నాను. ఆమె కిటికీలోంచి నల్లరేగడి చూస్తూ కూర్చుంది. దిగేముందు మాత్రం, "కోర్టు తీర్పు వచ్చేలోపల నెలాఖరు ఎన్నిసార్లు వస్తాది మామా?" అంది.

గుడి మా ఊరి బయట సర్కారుతుమ్మల మధ్య ఉంటుంది. ఒకప్పుడు మట్టిగోడ, లోపల రాయి. ఇప్పుడు గ్రానైటు పరిచారు, పక్కన ట్రస్టు హాలు కట్టి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. రాయి మాత్రం అదే. పొద్దున పదికల్లా బంధువులంతా చేరారు. ఇలాంటివి చూడటానికి మావాళ్ళు కూలీ మానుకుని వస్తారు. మా అక్క వితంతువు కనుక గడప బయట, ఎండలో నిలబడింది. కూతురి బతుకు తేలే చోటికి తల్లి రాకూడదు. దీని మీద నేను వేదికల మీద గంటలు గంటలు మాట్లాడాను. ఆ రోజు ఆమె పక్కన కుర్చీ వేయడం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఆమె ఆ కుర్చీలోనూ కూర్చోలేదు.

పద్ధతి ఇది. పూజారి రెండు పూలను వేర్వేరుగా అరిటాకు ముక్కల్లో చుట్టి, దారంతో కట్టి, రాయి ముందు వేస్తాడు. ఒకదానిలో తెల్ల నందివర్ధనం, ఇంకొకదానిలో ఎర్ర గన్నేరు. ఇంటి కన్నెపిల్ల ఒక పొట్లం తీయాలి. ఆ ఇంట్లో పెళ్ళికానిది ఈమె ఒక్కతే.

"ఇంత వయసు కన్నెపిల్లని సామి ఇంతకుముందు చూసుండడు!" అని వెనకనుంచి ఒక చుట్టం.

"కళ్ళద్దాలు తీసేయమనండే, సామి బయపడతాడు" అని ఇంకొకామె.

"చదువుకున్న చెయ్యి గదా, ఏ పొట్లంలో ఏముండాదో గీతలు చూసి కనిపెడతాది!" ఇది పెదనాన్న కోడలు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వినట్టు పెదవులు కదిపింది. ఢిల్లీవాళ్ళ నవ్వుకూ ఈ నవ్వుకూ తేడా ఏమిటని అప్పుడు ఆలోచించాను. ఢిల్లీవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

ఆమె వంగి, తడబడకుండా ఎడమవైపు పొట్లం తీసి పూజారికి ఇచ్చింది. ఆయన దారం తెంపి ఆకు విప్పాడు. ఎర్ర గన్నేరు.

"సామి వద్దన్నాడు" అని పెదనాన్న కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు.

పూజారి రెండో పొట్లం తీసి మెల్లగా తన పళ్ళెంలో, విభూతి సంచి కిందికి తోశాడు. ఆ చెయ్యి చేసే పని నాకు బాగా తెలుసు. గాల్లోంచి విభూతి రాల్చేవాళ్ళనీ, చెంబులో పాము పుట్టించేవాళ్ళనీ జనం ముందు పట్టిచ్చిన అనుభవం నాది. నేను గడప దాటి లోపలికి వెళ్ళాను. ఆమె నా వైపు తిరిగి, తల అడ్డంగా ఊపింది. చూశాను. చూసి కూడా పళ్ళెంలోంచి పొట్లం లాక్కుని అందరి ముందూ విప్పాను.

అదీ ఎర్ర గన్నేరే.

  నేను రెండు పూలనూ రెండు చేతుల్లో పైకెత్తి, అలవాటైన గొంతుతో మొదలుపెట్టాను. చూడండి, రెండూ ఎరుపే, తెల్లపువ్వు అసలు కట్టనే లేదు, ఇది దేవుడి మాట కాదు, మనిషి మోసం, ఇంతకాలం మీరు అడిగిన ప్రతి ప్రశ్నకూ ఇలాగే జవాబిచ్చి ఉంటారు, ఆలోచించండి. నా జీవితంలో ఇంతకన్నా శుభ్రమైన రుజువు ఎప్పుడూ దొరకలేదు. పూజారి ముఖం పాలిపోయింది. పెదనాన్న కళ్ళు తెరిచి నా చేతుల్లోకి చూస్తున్నాడు. గెలిచాననుకున్నాను.

అప్పుడు వెనకనుంచి ఒక ముసలామె వణుకుతున్న గొంతుతో అంది, "తెల్లపువ్వుని సామి ఎర్రగా మార్చేసినాడే!"

ఒక్క క్షణం. తర్వాత ఆడవాళ్ళు నాలుకలు తిప్పుతూ కులవ పెట్టారు. ఆ శబ్దానికి గుడి అదిరింది. పూజారికి ప్రాణం లేచివచ్చింది. వెంటనే పూనకం కూడా వచ్చింది. "ఒక పువ్వుతో చెప్తే చాల్లేదారా మీకి? రెండు పూలతో చెప్పాలనా?" అని ఊగిపోతూ అరిచాడు. జనం నేల మీద పడ్డారు.

"దేవుడు లేదనేవాడి చేతనే సామి ఆ మూట విప్పించినాడు, చూసినారా! వాడు విప్పకపోతే మనకి తెలిసేదా?" అని ఎవరో అన్నారు. అంతే, నా నుదుట విభూతి పడింది. ఒకాయన నా కాళ్ళు తాకాడు. తుడుచుకుంటుంటే ఇంకొకరు పూశారు. నేను అరుస్తూనే ఉన్నాను. పూజారి బుట్టలో తెల్లపూలు వెతకండి, ఒక్కటైనా ఉంటే చూపించండి అంటున్నాను. ఎవరూ బుట్టవైపు చూడలేదు. బుట్ట చూడవలసిన అవసరం వాళ్ళకు తీరిపోయింది.

పెదనాన్న ఏడుస్తున్నాడు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. రెండు ఎర్రపూలు కట్టమని పూజారికి చెప్పింది ఆయనే అయి ఉండాలి. వేరే ఎవరికి అవసరం? అయినా ఆయన కళ్ళనీళ్ళు నిజమైనవి. తాను చేయించిన మోసం తన కళ్ళముందే మహిమగా మారితే, దానికి అందరికన్నా ముందు ఆయనే మొక్కాడు. దొంగతో వాదించవచ్చు, భక్తుడితో వాదించవచ్చు. ఒకే మనిషిలో ఇద్దరూ కలిసి ఏడుస్తుంటే ఏ వాదం పనిచేస్తుంది?

షెడ్డుకు తిరిగివచ్చాము. ఆమె లోపలికి వెళ్ళి చేతులు కడుక్కుంది, మామూలుగా పని మొదలుపెట్టేముందు కడుక్కున్నట్టే. అప్పుడు అంది.

"రెండూ ఎర్రవే అని నాకి ముందే తెలుసు మామా."

"ఎట్లా?"

"పూజారి బుట్టలో ఎర్రవి తప్ప లేవు. లోపలికి పోయేటప్పుడే చూసినా."

"తెలిసి తీశావా? తెలిసి ఊరుకున్నావా?"

"మొదటిసారి ఎర్రది రావాల. నేను అందరిముందర తలొంచుకోని బయటికి రావాల. పెద్దయ్యకి అది కావాల. అది అయినాక నన్ను పక్కకి పిలిచి బేరం పెడతాడు. ఏం అడుగుతాడో కూడా తెలుసు. కొన్నాళ్ళు పట్టీ మా మండీకి తప్ప ఇంకెవురికీ ఇయ్యగూడదంటాడు. సరి అందామనుకున్నా. అప్పరం రెండోసారి అడిగితే తెల్లపువ్వు వచ్చేది. మూడుసార్లు అడగొచ్చనేది ఎందుకు పెట్టుకున్నారనుకున్నారు మామా, బేరం కుదిరేదానికే గదా!"

"అది మోసంతో రాజీపడటం."

"ఆమా. ఒక్క పంగు కోసం."

"నేను చెప్పింది నిజం కాదా?"

"నిజమే. ఇప్పుడు సామి రెండు పూలతో వద్దన్నాడు. ఇంకోసారి అడిగే దైర్యం పెద్దయ్యకే లేదు. ఆయనే నమ్మేసినాడు. మీరే నమ్మించినారు" అంది. గొంతు పెంచలేదు. పెంచితే నేను తట్టుకుని ఉండేవాణ్ణి. గొంతు పెంచినవాళ్ళతో ఎలా మాట్లాడాలో నాకు తెలుసు.

ఇప్పుడు మళ్ళీ ఆ పొట్లం నా ముందు పడితే విప్పుతానా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. విప్పుతాను. మోసాన్ని కట్టి ఉంచితే అది ఒక వాటాతో ఆగదు. ఆమె బేరం కుదిరి ఉండేదని నేను ఇప్పటికీ ఒప్పుకోను. మొదటి బేరం తర్వాత రెండోది, దాని తర్వాత మూడోది అడిగేవాడు ఆ మనిషి. ఈ మాట ఆమెతోనూ అన్నాను. ఆమె, "అడిగేవాడేమో. ముద్ర మాత్రం పడుండేది" అంది.

నెలాఖరు వచ్చింది, పోయింది. ఢిల్లీనుంచి జవాబు రెండు ముక్కల్లో వచ్చింది: అర్హత లేదు. ఆ తర్వాత ఆమె పని మీద పెట్టడానికి డబ్బేమీ మిగల్లేదు. షెడ్డు మూయాలా వద్దా అని కంపెనీ సమావేశం పెట్టారు. సగం వాటా ఉన్న దేవుడి తరఫునా, ఇరవై వాటాలున్న తన తరఫునా పెదనాన్న చెయ్యి ఎత్తాడు. షెడ్డులోని సామాన్లు విరుదునగర్ మండీ వెనకగదికి చేరాయి. ఆమెను జీతానికి పెట్టుకున్నాడు. చదివించిన ఋణం తీర్చుకోమన్నాడు, నలుగురిలో, ప్రేమగా.

కొన్నాళ్ళకు అక్కడికి వెళ్ళాను. వెనకగదిలో ట్యూబులైటు కింద ఆమె శనగలు నూరుతోంది. ఒక్కో మూటలోంచి నమూనా, ఒక్కో నమూనాకు పట్టీ. పట్టీ బాగా పనిచేస్తోంది. అంత బాగా పనిచేస్తుందని ఢిల్లీవాళ్ళు ఊహించి ఉండరు. రెండు గీతలు పడిన మూటలకు పచ్చ సుద్ద గుర్తు. అవి ముందు తలుపునుంచి పోతున్నాయి. అక్కడ తూత్తుకుడి ఓడరేవుకు పోయే లారీ నిలబడి ఉంది. బయటిదేశాలవాళ్ళు పెద్ద యంత్రాలతో పరీక్ష చేసి, విషముంటే సరుకంతా తిప్పి పంపేస్తారు. ఇదివరకు ఆయనకు అలా నష్టమొచ్చేది. ఇప్పుడు రాదు. ఒకే గీత పడిన మూటలు వెనక తలుపునుంచి పోతున్నాయి.

"ఆ వెనక బండి ఎక్కడికి పోతాది?" అన్నాను.

"మన సంతలకే" అంది తలెత్తకుండా.

"తెలిసి పంపుతావా?"

"నేను పంపను. గీత చూసి చెప్తా, అంతే. ఇదివరకు మంచిదీ చెడ్డదీ కలిసి పొయ్యేది. ఇప్పుడు చెడ్డదంతా ఏరి పంపుతాండారు."

"అధికారులకు చెప్పు! ఈ పట్టీ చూపించు!"

ఆమె చేతిలోని పట్టీని నా ముందు పెట్టింది. ఒకే గీత. "దీనికి ముద్ర ఉండాదా మామా? లేదు. ముద్ర లేని పట్టీ సాచ్చం చెప్పదు. షెడ్డులో చేసిన కాయితం అంటారు. పెద్దయ్యకి ఏరుకునేదానికి చాలు, చట్టానికి చాలదు." మళ్ళీ రోలు ముందుకు లాక్కుంది. "పని మానేస్తే ఇంకొకరు ముంచుతారు. ముంచేది నేర్చుకునేదానికి ఒక పూట చాలు. అంత సులువుగా చేసింది నేనే గదా."

వచ్చేటప్పుడు పచ్చగుర్తు మూటలోంచి రెండు శేర్ల శనగలు గుడ్డసంచిలో పోసి నా చేతికిచ్చింది. "ఇవి అమ్మకి ఇయ్యండి. ఇంట్లోకి సంతలో కొనొద్దని చెప్పండి."

"మిగతావాళ్ళకి ఎవరు చెప్తారు?"

"మీరు చెప్పండి మామా. మీకి పెద్ద గొంతు ఉండాది గదా."

బస్టాండులో కోవిల్‌పట్టి బస్సు ఎక్కాను. బస్సు కదిలేముందు ఒకామె తట్టతో ఎక్కి ఉడకబెట్టిన శనగలు అమ్మడం మొదలుపెట్టింది. కాగితం చుట్టల్లో, ఆవిరి వస్తూ. ముందు సీట్లో ఒక తల్లి తన పిల్లకోసం కొంది. అవి ఏ మూటవో నాకు తెలియదు. ఏ తలుపునుంచి వచ్చాయో ఆ అమ్మేమనిషికీ తెలియదు. అయినా నేను లేచి నిలబడ్డాను. అరవంలో, సభలో మాట్లాడే గొంతుతోనే చెప్పాను. ఈ శనగల్లో విషం ఉండవచ్చు, పరీక్ష చెయ్యని శనగలు తినకండి, పిల్లలకు పెట్టకండి అన్నాను.

తట్ట ఉన్నామె నా మీదికి తిరిగింది. "ఏం పెద్దాయనా, నా పొట్ట కొట్టేదానికే బస్సెక్కావా? పొద్దున్నుంచి నేనూ ఇవే తింటున్నాను, చచ్చానా? రుజువేది?"

రుజువు నా దగ్గర లేదు. ఉన్నా చెల్లదు. కండక్టరు కూర్చోమన్నాడు. పిల్ల తల్లి మాత్రం కాగితం చుట్ట చేతిలో పట్టుకుని, తినిపించాలా వద్దా అన్నట్టు ఆగి, నన్ను కిందినుంచి పైదాకా చూసింది. చూపు, మూతి విడిన నా గుడ్డసంచి మీద నిలిచింది.

"అంత విషమైతే, నీ సంచిలో ఉన్నవేంటి తాతా?" అంది.